‘ఫ్యామిలీ’లో ఎవరెవరు?

‘ఫ్యామిలీని పుట్టింటికి పంపించాను, ఈ వారం హోటలు భోజనమే’ అనే మగవాళ్లను మీరూ విని ఉంటారు. అక్కడ ఫ్యామిలీ అంటే భార్య. వాళ్ల తాతలు ‘మా కుటుంబం’, ‘మా సంసారం’ అనేవారు. భార్యను భార్య అనడానికి ఎన్ని తంటాలో!

ఈ మాట ఇంగ్లీషువాళ్ల సొంతం కాదు, లాటిన్‌ది. అక్కడ దాని రూపం ఫామిలియా. దానికి మూలమైన ‘ఫాములుస్’కి అర్థం నౌకరు, బానిస. ఒక ఇంటి బానిసలందరినీ కలిపి ఫామిలియా అనేవారన్నమాట. క్రీ.పూ. 451-450 నాటి రోమన్ల పన్నెండు ఫలకాల చట్టంలో, వారసులూ వీలునామా లేకుండా పోయినవాడి ఫామిలియా దగ్గరి జ్ఞాతికి చెందాలన్నారు. అంటే ఆస్తి అని. ఆఖరికి జనం వినోదానికి కత్తులతో పొడుచుకునే గ్లాడియేటర్ల దళం కూడా ఫామిలియాయే! (మన ఉమ్మడి కాపురాలు గుర్తొస్తే నా పూచీ లేదు సుమండీ.)

ఇంటి యజమాని అధికారం కింద ఉన్నవాళ్లంతా కూడా ఫామిలియాయే. మరి ఇల్లాలు? పాత పద్ధతి పెళ్లిలో భర్త ‘చేతి కిందికి’ వెళ్లిన భార్యకు చట్టంలో కూతురి స్థానం. తాను కన్న పిల్లలకే తోబుట్టువు వరస! ఆ పద్ధతిన కాకుండా పెళ్లాడితే ఎన్నేళ్లు కాపురం చేసినా పుట్టింటి మనిషే. స్త్రీ ఫామిలియా ఆమెతోనే మొదలై ఆమెతోనే ముగుస్తుందని మూడో శతాబ్దపు న్యాయకోవిదుడు ఉల్పియాన్ తేల్చేశాడు. ఆమెకు ఎవరిమీదా అధికారం లేదు మరి.

ఇంగ్లీషులోనూ నౌకర్లు చాలాకాలం ఫ్యామిలీలోనే ఉన్నారు. లండన్‌లో సామ్యూల్ పీప్స్ అనే ఉద్యోగి 1660లో తన డైరీ మొదలుపెడుతూ ఫ్యామిలీలో తాము ముగ్గురమే అని రాసుకున్నాడు. తను, భార్య, పనిపిల్ల జేన్. పోనుపోను ఆ మాటకు మర్యాద పెరిగింది, జేన్ లాంటివాళ్లు గడప బయటికి పోయారు.

ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్సుల్లో ఇదే మాట కాస్త యాస మార్చుకుని కుటుంబంగానే ఉంది. నాకు ముచ్చటేసింది రుమేనియా భాష. అక్కడ ‘ఫెమేయె’ అంటే స్త్రీ. లాటిన్ ‘ఫెమినా’కి చుట్టమనుకుంటాం గానీ, అచ్చంగా ఫామిలియా కన్నబిడ్డే. అల్బేనియాలో అదే మాట ‘ఫమీయ’ అయింది. అర్థం పసిబిడ్డ. ఇంటి యజమానిని ఆ మాటతో పిలిచే భాష మాత్రం నాకింతవరకూ తగల్లేదు.