అండర్-17 అమ్మాయిల బాస్కెట్‌బాల్ వరల్డ్ కప్: ఒక్క రోజు తేడాతో ఛాన్స్ మిస్.. అసలు రూల్స్ ఏంటి?

క్రికెట్‌లో అండర్-19 వరల్డ్ కప్ గురించి అందరికీ తెలుసు. మరి బాస్కెట్‌బాల్‌లో అమ్మాయిలకు అండర్-17 వరల్డ్ కప్ ఉందని తెలుసా? టోర్నీ రెండేళ్లకోసారి వస్తుంది. కానీ చాలామంది ప్లేయర్లకు తమ ఈడు వాళ్లతో ఆడే ఛాన్స్ ఒక్కసారే దొరుకుతుంది. ఎందుకో చూద్దాం.

ఎప్పుడు మొదలైంది?

అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2010లో ఫ్రాన్స్‌లో తొలి టోర్నీ పెట్టింది. కరోనా వల్ల 2020లో జరగలేదు. 2024 వరకు మొత్తం 7 టోర్నీలు జరిగితే, 6 సార్లు కప్ అమెరికాదే. 2016లో స్పెయిన్‌లోని జరగోజాలో మాత్రం ఆస్ట్రేలియా గెలిచింది. ఫైనల్లో ఇటలీని ఓడించింది.

ఎవరు ఆడొచ్చు?

అసలు చిక్కంతా ఇక్కడే. 2024లో మెక్సికోలో జరిగిన టోర్నీకి 2007 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లే అర్హులు. అంటే 2006 డిసెంబర్ 31న పుట్టిన అమ్మాయి ఒక్క రోజు తేడాతో ఔట్! ఆమె ఆడాలంటే అంతకు ముందు 2022 టోర్నీలోనే ఆడి ఉండాలి. అప్పటికి ఆమెకు 15 ఏళ్లే. తనకంటే దాదాపు రెండేళ్లు పెద్దవాళ్లతో పోటీపడాలన్నమాట.

ఫార్మాట్ ఎలా ఉంటుంది?

* మొత్తం 16 జట్లు, నాలుగేసి చొప్పున 4 గ్రూపులు.
* గ్రూప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడినా ఇంటికి వెళ్లక్కర్లేదు. అన్ని జట్లూ ప్రీ క్వార్టర్స్ ఆడతాయి. అక్కడి నుంచి నాకౌట్.
* జట్టులో 12 మంది ప్లేయర్లు. మ్యాచ్‌లో 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు.
* చిన్నపిల్లలని రూల్స్‌లో సడలింపు ఉండదు. రింగ్ ఎత్తు సీనియర్లకు లాగే 3.05 మీటర్లు.

ఆసియా నుంచి దారి ఏది?

ముందుగా అండర్-16 ఆసియా టోర్నీ ఆడాలి. అందులో డివిజన్-ఎ, డివిజన్-బి అని రెండు ఉంటాయి. డివిజన్-ఎలో టాప్-4లో నిలిచిన జట్లకే వరల్డ్ కప్ టికెట్. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కూడా ఇప్పుడు ఇందులోనే ఆడుతున్నాయి. చైనా, జపాన్ ఎలాగూ ఉన్నాయి. అందుకే ఆ నాలుగు బెర్తుల కోసం గట్టి పోటీ.

డివిజన్-బి విజేతకు వరల్డ్ కప్ బెర్త్ రాదు. తర్వాతి టోర్నీలో డివిజన్-ఎకి ప్రమోషన్ మాత్రమే వస్తుంది.

మరి భారత్ సంగతి?

ఈ ఆసియా టోర్నీ 2009లో మొదలైంది మన పుణెలోనే. 2017లో బెంగళూరు ఆతిథ్యమిచ్చింది. ఆ ఏడాది మన అమ్మాయిలు సొంతగడ్డపై డివిజన్-బి టైటిల్ కొట్టి ప్రమోషన్ సాధించారు. కానీ తర్వాతి టోర్నీ జరిగింది 2022లో, జోర్డాన్‌లోని అమ్మాన్‌లో. అప్పటికి 2017 జట్టులోని వాళ్లందరికీ వయసు దాటిపోయింది. గెలిచింది వాళ్లు, పై మెట్టు మీద ఆడే వంతు వచ్చింది మాత్రం వాళ్ల చెల్లెళ్లకు! 2024 వరకు జరిగిన ఏ అండర్-17 వరల్డ్ కప్‌లోనూ భారత్ ఆడలేదు.

ఇక్కడ ఆడితే ఏంటి లాభం?

అమెరికా స్టార్ బ్రియానా స్టీవార్ట్ 2010లో ఈ కప్ గెలిచిన జట్టులో ఉన్న ప్లేయరే. తర్వాత ఆమె డబ్ల్యూఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో నంబర్ వన్ పిక్ అయ్యింది.

మన దగ్గర ఈ వయసు అమ్మాయిలకు పెద్ద వేదిక అండర్-16 యూత్ నేషనల్స్. రాష్ట్ర జట్లు ఇందులో తలపడతాయి. మీ ఇంట్లో బాస్కెట్‌బాల్ ఆడే అమ్మాయి ఉంటే ముందు పుట్టిన సంవత్సరం లెక్క చూసుకోండి. తన బ్యాచ్‌కి ఆసియా టోర్నీ ఏ ఏడాది వస్తుందో తెలిస్తే, ఇంకెంత టైమ్ ఉందో అర్థమైపోతుంది.