ఆరోగ్యశ్రీ: ఖర్చు, నైతికతలపై చట్టసభల వాదన – కర్నూలు పడమటి ప్రాంతం

ఆరోగ్యశ్రీ ఆంధ్రప్రదేశ్‌లో పేద కుటుంబాలకు ప్రభుత్వ ఖర్చుతో పెద్ద చికిత్సలు చేయించే పథకం. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దీన్ని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభించింది. డబ్బు ఎవరి చేతుల మీదుగా వెళ్లాలి, ఏ ఆసుపత్రికి చేరాలి అన్న వాదన ఆనాటి నుంచి చట్టసభలో ఆగలేదు.

అంతకుముందు పేదవాడికి గుండె ఆపరేషన్ కావాలంటే ముఖ్యమంత్రి సహాయనిధే దిక్కు. శాసనసభ్యుడి సిఫార్సు ఉత్తరం పట్టుకుని హైదరాబాద్ తిరగాలి. ఉత్తరం దొరికేది నాయకుడికి తెలిసినవాళ్లకే. ఆరోగ్యశ్రీతో తెల్ల రేషన్‌కార్డే అర్హత అయింది. ఆసుపత్రి వాకిట్లో ఆరోగ్యమిత్ర అనే సహాయకుడు కూర్చుని కాగితాలు చూసుకునే ఏర్పాటు వచ్చింది. ఈ పథకం తెచ్చిన అసలైన నైతిక సంస్కరణ ఇదే; దీనికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు.

మొదట స్టార్ హెల్త్ అనే ప్రైవేటు బీమా సంస్థకు ప్రభుత్వం ప్రీమియం కట్టేది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు పరిమితి. 2008 జులై 17న మొదలైన ఆరోగ్యశ్రీ–2లో బీమా సంస్థతో పని లేకుండా ప్రభుత్వ సంస్థ అయిన ఆరోగ్యశ్రీ ట్రస్టే ఆసుపత్రులకు నేరుగా చెల్లించసాగింది. ఆ ఏడాదే పథకం రాష్ట్రమంతటికీ విస్తరించింది. ప్రజాధనం కార్పొరేట్ ఆసుపత్రులకు పోతోందని, ప్రభుత్వాసుపత్రులు చిక్కిపోతున్నాయని ప్రతిపక్షాలు విమర్శించాయి. అవసరం లేకున్నా గర్భసంచి తొలగించే ఆపరేషన్లు పెరిగాయన్న ఆందోళన వచ్చాక, అలాంటి కొన్ని చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే పరిమితం చేశారు. ప్యాకేజీ ధర ముందే ఖరారైన చోట లాభం రోగి అవసరాన్ని మించిపోగలదని ఆ అనుభవం చూపింది.

రాష్ట్ర విభజన తర్వాత పథకానికి ఎన్టీఆర్ వైద్యసేవ అన్న పేరు వచ్చింది. పరిమితి రెండున్నర లక్షలకు పెరిగింది. 2019లో వచ్చిన వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం మళ్లీ ఆరోగ్యశ్రీ పేరు పెట్టి, ఏటా 5 లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబాలన్నిటికీ వర్తింపజేసింది. ఆ నవంబర్ నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని ఎంపిక చేసిన ఆసుపత్రుల్లోనూ చికిత్సకు వీలు కల్పించింది. కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న హొళగుంద, ఆలూరు మండలాలవారికి దగ్గరి పెద్ద ఊరైన, కర్ణాటకలోని బళ్లారి ఆ మూడు నగరాల్లో లేదు. 2023 డిసెంబర్‌లో పరిమితి 25 లక్షలైంది. 2024లో ప్రభుత్వం మారాక పథకం తిరిగి ఎన్టీఆర్ వైద్యసేవ అయింది.

పరిమితి ఎంత పెరిగినా, ఆసుపత్రికి బిల్లు అందకపోతే రోగికి మంచం దొరకదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా బకాయిల గొడవ తప్పలేదు. 2025 అక్టోబర్‌లో పథకంలో చేరిన (నెట్‌వర్క్) ఆసుపత్రులు సుమారు 2,700 కోట్ల రూపాయల బకాయిల కోసం సేవలు ఆపేశాయి. దానికి నెల ముందే, సెప్టెంబర్ 4న, రాష్ట్ర మంత్రివర్గం కొత్త విధానాన్ని ఆమోదించింది: రెండున్నర లక్షల దాకా బీమా సంస్థ, అక్కడి నుంచి 25 లక్షల దాకా ట్రస్టు భరించాలి. మునుపు పక్కన పెట్టిన బీమా పద్ధతి అలా సగం తిరిగొచ్చింది.

ఈ లెక్కలన్నీ ఒక్క రాత్రిలో పరీక్షకు నిలిచే చోటు దేవరగట్టు. హొళగుంద మండలంలోని ఈ కొండ మీద విజయదశమి రాత్రి మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవం జరుగుతుంది. ఉత్సవమూర్తుల కోసం నెరణికి, కొత్తపేట ఊళ్లవాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకోవైపు ఇనుప తొడుగుల కర్రలు పట్టి తలపడతారు. ఏటా పదులమందికి తలలు పగులుతాయి. చాలామంది గాయానికి బండారు (పసుపు) అద్దుకుని ముందుకే సాగుతారు. గట్టు కింద వైద్యశిబిరం, 108 వాహనాలు ఉంచుతారు. శిబిరంలో కుట్లు వేయించుకునేవాడికి ఏ కార్డూ అక్కర్లేదు. పుర్రె చిట్లినవాడిని మాత్రం ఆలూరు, ఆదోని ఆసుపత్రులు దాటించి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కర్నూలు సర్వజన ఆసుపత్రికి చేర్చాలి. రెండు లక్షల పరిమితి నాడూ, 25 లక్షల పరిమితి నాడూ ఆ దారి అంతే.

అందుకే ఆదోని వైద్య కళాశాల ఇక్కడివారికి ఆరోగ్యశ్రీ అంత ముఖ్యం. గత ప్రభుత్వం తలపెట్టిన 17 కొత్త కళాశాలల్లో అదొకటి. 2025 సెప్టెంబర్‌లో ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యానికి ఎంపికైన పదింటిలో అదీ చేరింది. దీన్ని జగన్‌మోహన్‌రెడ్డి పార్టీ వైఎస్సార్‌సీపీ శాసనమండలిలోనూ బయటా గట్టిగా వ్యతిరేకించింది. ప్రభుత్వ ఖజానాతో పూర్తి కావాలంటే ఏళ్లు పడుతుందని అధికారపక్షం అంది.

నైతికతకు సంబంధించిన పాత చట్టాలూ ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1983 లోకాయుక్త చట్టం మంత్రులను, శాసనసభ్యులను, అధికారులను విచారణ పరిధిలోకి తెచ్చింది. 2002లో చేసిన చట్టం ప్రైవేటు ఆసుపత్రులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. లోకాయుక్త కార్యాలయం 2021లో కర్నూలుకు వచ్చింది. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతాలవారు చికిత్స విషయంలో అధికారుల తీరుపై ఫిర్యాదు చేయాలంటే హైదరాబాద్ దాకా వెళ్లనక్కర్లేదు.