సోమందేపల్లి మిద్దెల మీదికి జీ టీవీ

మా ఊరి చరిత్ర చెప్పేవాళ్లు పెనుకొండ కోటతో మొదలుపెట్టి, పట్టుచీరల మగ్గాల దగ్గర ఆపేస్తారు. మిద్దెల మీదికెక్కిన డిష్షుల సంగతి ఎవరికీ పట్టదు. నా లెక్కలో అదీ చరిత్రే.

జీ టీవీ 1992 అక్టోబర్ 2న మొదలైంది. దేశంలో మొదటి ప్రైవేటు హిందీ శాటిలైట్ చానల్ అదే. పెట్టిన సుభాష్ చంద్ర అంతకుముందు బియ్యం ఎగుమతి చేసిన వ్యాపారి. మన గడ్డ మీదనుంచి ప్రైవేటువాళ్లు ఉపగ్రహానికి సిగ్నల్ పంపే వీల్లేని రోజులవి. అందుకని టేపులు ముంబైలో విమానమెక్కి హాంకాంగ్ పోయేవి. అక్కడినుంచి ఏషియాశాట్-1కు, దాన్నుంచి కేబులాయన డిష్షులోకి, ఆపైన కరెంటు స్తంభాల వెంట లాగిన నల్లవైరులో మన ఇంటికి. మొదట్లో రోజుకు కొన్ని గంటలే ప్రసారం.

ఆ హిందీ ఇక్కడ ఎవరికి కావాలి? దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇళ్లకు కావాలి. ‘అంత్యాక్షరి’ వచ్చే వేళకు ఆ వాకిళ్ల ముందు మా బోటి పిల్లలు గుంపు కట్టేవాళ్లు. భాష సగమే తెలిసినా పాట తెలుసు కదా! నేతోళ్ల ఇళ్ల సంగతి వేరు. గుంట మగ్గంలో కూర్చున్న మనిషి తలెత్తి బొమ్మ చూశాడంటే పోగు తెగినట్టే. అందుకే పగలంతా రేడియో, పని దిగాకే టీవీ.

మాకు బెంగళూరు దగ్గర, హైదరాబాదు నాలుగు వందల కిలోమీటర్లకు పైమాటే. కన్నడ ఉదయ టీవీ 1994లో వస్తే, తెలుగు జెమిని 1995లో వచ్చింది. అదే ఏడు ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది. పక్కనున్న హిందూపురం ఎమ్మెల్యే ఎన్టీఆర్ కుర్చీ కదిలిపోతున్న వారమది. సెప్టెంబర్ 1న చంద్రబాబు ప్రమాణం చేశారు. ఊళ్లో టీ అంగళ్ల దగ్గర కొత్త చానల్ కంటే ఆ మాటలే ఎక్కువ నడిచాయి. 1996లో ‘పాడుతా తీయగా’ వచ్చాకే ఈటీవీ ఇంటింటి చానల్ అయింది.

నన్నడిగితే, జీ టీవీ మాకిచ్చింది కార్యక్రమాలకంటే కేబుల్ వైరు. దాన్ని వాడుకున్నది తెలుగు చానళ్లు. జీ వాళ్లు తెలుగు చానల్‌తో మా దాకా వచ్చేసరికి 2005 అయింది.

ఆనాటి కేబుల్ రసీదులు, డిష్షుల ఫొటోలు ఎవరి ట్రంకుపెట్టెలోనైనా ఉంటే పారేయకండి. నాకొకసారి చూపించండి.