నేల అనుకున్నది

బిల్డ్ నడుస్తున్నంతసేపూ మ్యాప్ తెరిచి ఉపగ్రహ చిత్రాలు చూడటం నాకో పాడలవాటు. మొన్న కైకలూరు చుట్టుపక్కల తిరిగాను. ఊళ్ళకంటే చెరువులే ఎక్కువ. నలుచదరంగా, గట్టుకు గట్టు ఆనుకుని. కొన్ని ముదురాకుపచ్చ, కొన్ని మట్టిరంగు. ఏది చేనో ఏది చెరువో తేల్చుకోడానికి కుర్చీలో కూర్చున్న నాకే జూమ్ చేయాల్సొచ్చింది.

2002 మార్చి 3 ఉదయం అక్కడే, కొవ్వాడలంక దగ్గర, ఓ బెల్ 206 హెలికాప్టర్ చేపల చెరువులో కూలింది. అందులో లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ఉన్నారు. భీమవరం నుంచి హైదరాబాద్ బయల్దేరారు. పైలట్, అంగరక్షకుడు, ఆయన, ముగ్గురూ పోయారు. ఆయనకు యాభై ఏళ్ళు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి దళితుడు. 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజు, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఓటు వెయ్యొచ్చా లేదా అన్నది ఆయన మనస్సాక్షికే వదిలేసింది బాలయోగే.

తొలి వార్తల్లో యంత్రలోపం అన్నారు, కొబ్బరిచెట్టుకు తగిలిందన్నారు. తర్వాత తేలిన సంగతి వేరు. దారి సరిగా కనపడక పైలట్ కిందకు దిగాలనుకున్నాడు. గట్టినేల అనుకుని దిగింది చెరువులోకి.

ముందుజాగ్రత్తగా దిగడం అంటే ఇదే. ఇంజన్ ఆగిపోయి దిగక తప్పకపోవడం వేరు. ఇక్కడ ఇంకా ఎగరొచ్చు, కానీ ఎగరడం మంచిది కాదని మనిషే నిర్ణయించుకుంటాడు. కనుచూపు మీద ఆధారపడి నడిపే చిన్న హెలికాప్టర్‌కి పొగమంచులో అదే సరైన నిర్ణయం. మంచులోకి మొండిగా దూసుకెళ్ళి పోయినవాళ్ళు ఎందరో. ఇతను ఆగుదామనుకున్నాడు. కదలని నీటిమీద ఎత్తు అంచనా వెయ్యడం అనుభవజ్ఞులకీ కష్టమే. కంటికి ఆనడానికి ఒక గీతా ఉండదు, నీడా ఉండదు.

పైగా ఆ నేల కొత్తది. 1980, 90లలో కొల్లేటి అంచు పొలాలు, సరస్సు కూడా, చేపల చెరువులైపోయాయి. 1999లో ప్రభుత్వం కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది. చెరువుల గట్లు పెద్దయెత్తున తెగ్గొట్టింది మాత్రం 2006లో. మధ్యలో ఆ మార్చి ఉదయం.

మా పనిలో సర్వర్ పడిపోతే రాసే నివేదికలో ‘మానవ తప్పిదం’ అని రాసి ముగించనివ్వరు. ఆ క్షణంలో ఆ మనిషికి అది ఎందుకు సరైనదిగా కనిపించిందో చెప్పమంటారు. ఇక్కడ చెప్పాల్సినవాడు లేడు. యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమి మీది వంతెనకి బాలయోగి పేరుంది, గచ్చిబౌలి స్టేడియానికీ ఉంది. మ్యాప్‌లో ఆ రెండూ ఒక్క క్లిక్కుతో దొరికాయి. ఆ చెరువేదో మాత్రం, గంటసేపు వెతికినా, వందల్లోంచి పోల్చుకోలేకపోయాను.