బిడ్డను చూసే హక్కు

భార్యాభర్తలు విడిపోయినచోట బిడ్డ యెవరి దగ్గర పెరగాలో కోర్టు తేలుస్తుంది. రెండవవారు యెప్పుడు, యెక్కడ చూడవచ్చునో ఉత్తర్వులో రాస్తుంది. ఆ చూపుకు కావలసిన సెలవూ, దారిఖర్చూ యెక్కడినుంచి వస్తాయో మాత్రం రాయదు. యీ లోటు నిన్నటిది కాదు. భార్యాభర్తల తగవు కాకపోయినా, ఒక తెలుగు తండ్రి వేసిన దావాలోనే యిది కొట్టవచ్చినట్టు కనబడుతుంది.

జిడ్డు నారాయణయ్య పింఛనుదారు. భార్య 1905లోనే పోయింది. కొడుకులు కృష్ణమూర్తి, నిత్యానందల సంరక్షణను 1910లో అనిబిసెంటుకు రాసి యిచ్చాడు. 1912లో తిరిగి యిమ్మని దావా వేశాడు. 1913లో మద్రాసు హైకోర్టు పిల్లలను తండ్రికి అప్పగించమన్నది. 1914లో ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసింది. పిల్లలు ఇంగ్లండులో వున్నారు, వారి యిష్టం తెలుసుకోకుండా తీర్పు చెప్పడం తగదు అన్నది. బిడ్డను అడగాలనడం ముందడుగే, కాదనలేము. కాని అదే నోటితో, కావలిస్తే ఇంగ్లండు హైకోర్టుకు వెళ్లవచ్చునని ఆ పింఛనుదారుకు చెప్పింది! తలుపు తెరిచే వున్నది. దానికీ ఆయనకూ మధ్య సముద్రాలున్నాయి.

తరువాతి చరిత్ర మెల్లగానైనా ముందుకే నడిచింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం హైదరాబాదు సంస్థానంలో వుండిన యీ నిజామాబాదు ప్రాంతానికి 1951లోగాని రాలేదు. 1956 హిందూ మైనారిటీ చట్టం తండ్రినే సహజ సంరక్షకుణ్ణి చేసి, తల్లిని "అతని తరువాత" నిలబెట్టింది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర వుండాలన్నది. పిల్లలు తలిదండ్రుల ఆస్తి కాదు, ఆటవస్తువులూ కాదని సుప్రీంకోర్టు 1973లో అన్నది. "తరువాత" అంటే తండ్రి చచ్చినాకనే అని అర్థం కాదని చెప్పడానికి 1999 దాకా పట్టింది. 2020లో మరొక మాట చెప్పింది: యిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కు, దూరదేశంలో వున్నవారికి ఫోనులోనో, వీడియోలోనో మాట్లాడే వీలు కల్పించాలి.

మంచి మాటే. దాన్ని బోధను తీసుకొచ్చి చూడండి. 1930లలో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అంతకు యెన్నో యేళ్లముందునుంచే యీ జిల్లా మగవాళ్లు గల్ఫుకు పోతున్నారు. ఆడవాళ్లు యింట్లో బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. కోర్టు వాయిదాకు వెళ్లిన పూట, బిడ్డను చూడడానికి బస్సెక్కిన పూట, ఆ వెయ్యి చుట్టబడవు. అటువంటి తల్లి రెండు ఆదివారాలు రాకపోతే ఆమెకు బిడ్డపై మమకారం లేదని అవతలి వకీలు వాదించడం యెంత సులభం!

తండ్రి సంగతి వేరే కాదు. కువైటులో పని ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి గదికి చేరి ఫోను తీస్తాడు. అప్పటికి బోధనులో పదకొండున్నర. బిడ్డ నిద్రపోయి వుంటుంది.