డచ్ పల్లె దుస్తుల మీద బందరు పూలు

నెదర్లాండ్స్‌లో స్పాకెన్‌బర్గ్ అనే చేపలవాళ్ళ ఊరుంది. 1932లో పెద్ద కట్ట కట్టి సముద్రాన్ని మూసేసేదాకా ఆ ఊరి పడవలు ఉప్పునీళ్ళలోకే వెళ్ళేవి. ఆ ఊళ్ళో కొద్దిమంది ముసలమ్మలు ఇప్పటికీ పాత కట్టుబొట్టు వదల్లేదు. అందులో ముందుగా కంటపడేది ‘క్రాప్‌లాప్’. భుజాల మీదుగా ముందుకీ వెనక్కీ పరుచుకునే పూల గుడ్డ అది. దానికి గంజి మీద గంజి పట్టించి, అట్టలా బిరుసెక్కాక ఇస్త్రీ చేస్తారు. ఇంట్లో చావు జరిగితే ఎర్రపూలది తీసేసి ముదురు రంగుది వేసుకుంటారు. ఎన్నాళ్ళు వేసుకోవాలన్నది పోయినవాళ్ళతో ఉన్న చుట్టరికాన్ని బట్టి ఉంటుంది.

అచ్చమైన డచ్ వేషం ఏదని అడిగితే ఇలాంటి పల్లె దుస్తులనే చూపిస్తారు. అందులో తప్పులేదు. కాకపోతే ఆ పూలకు పుట్టిల్లు కృష్ణా గోదావరి మొగల నుంచి దక్షిణంగా సాగే కోరమాండల్ తీరం. మనం చీటిగుడ్డ అన్నదాన్నే డచ్చివారు ‘సిట్స్’ అన్నారు.

1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ కన్ను మొదట మన బట్టల మీద లేదు. దానికి కావలసింది ఇండోనేషియా దీవుల లవంగాలు, జాజికాయ. తీరా అక్కడికి వెళ్తే ఆ దీవులవాళ్ళు తమ సరుకుకు బదులుగా బట్టలు అడిగారు. తరతరాలుగా వాళ్ళు కట్టింది ఈ తీరపు బట్టలే మరి. దాంతో డచ్ ఓడలు ఇటు తిరిగాయి. 1606లో, చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఏలుబడిలోనే, వాళ్ళకు బందరులోను, నిజాంపట్నంలోను వర్తకం చేసుకునే అనుమతి దొరికింది. తర్వాత పులికాట్‌లో కోట కట్టారు. నరసాపురం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నంలోనూ కొఠీలు వెలిశాయి. సుగంధద్రవ్యాల దీవులకు కోరమాండల్ ఎడమ చెయ్యి లాంటిదని 1612లోనే హెండ్రిక్ బ్రౌవర్ అనే కంపెనీ అధికారి రాశాడు.

ఆ వర్తకంలో కొంత బట్ట ఆమ్‌స్టర్‌డాం చేరింది. చేరినది చేరినట్టు జనాన్ని కట్టిపడేసింది. కారణం రంగు. అప్పటి యూరప్‌లో ఉన్ని, పట్టు అద్దకాలు బాగానే తెలుసు కాని, నూలుబట్ట మీద ఉతికినా వెలవని పూలు వేసే విద్య లేదు. ఆ విద్య ఈ తీరంలో ఉంది.

గుడ్డను ముందు పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండేస్తారు. తర్వాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచుతారు. కరక్కాయ రంగును పట్టుకుంటుంది, పాల జిడ్డు గీతను అలుక్కుపోనివ్వదు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రవంలో వెదురు కలాన్ని ముంచి నల్లగీతలు గీస్తారు. ఎరుపు రావలసిన చోట పటికనీళ్ళు పూస్తారు. గుడ్డను చిరివేరు కషాయంలో మరిగిస్తే పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. పటికను చిక్కగా, పలచగా పూయడాన్ని బట్టి ముదురెరుపు నుంచి లేత గులాబీ దాకా ఛాయలొస్తాయి. నీలానిది ఇంకో తంతు. నీలం అంటకూడని భాగమంతా మైనంతో కప్పి, గుడ్డను నీలిమందు తొట్టిలో ముంచి, మళ్ళీ ఆ మైనాన్ని వేడినీళ్ళలో కరిగించాలి. ఆకుపచ్చ కావాలంటే నీలం మీద పసుపు రంగు వెయ్యాలి. ఒక్క దుప్పటి పూర్తి కావడానికి వారాలు, నెలలు పట్టేది. నిజాంపట్నం వైపు దొరికే చిరివేరుకు మంచి ఎరుపు ఇస్తుందని పేరు. కంపెనీ ఉద్యోగిగా ఈ తీరంలో ఏళ్ళ తరబడి గడిపిన డేనియల్ హవార్ట్ 1693లో అచ్చయిన తన పుస్తకంలో ఈ అద్దకం గురించి కూడా రాశాడు.

కొనేవాళ్ళ అభిరుచికి తగ్గట్టు పనీ మారింది. యూరప్ నుంచి నమూనాలు వచ్చేవి. ముదురు నేల మీది పూలకు బదులు తెల్లనేల మీది పూలు అడిగారు. మన చిత్రకారులు తామెన్నడూ చూడని పూలను కూడా గీసిపెట్టారు. అవి అచ్చంగా ఏ దేశపు పూలూ కావు. వాటి అందమంతా అక్కడే ఉంది.

1680ల నాటికి ఈ మోజు యూరప్‌ను ఊపేసింది. సొంత నేతగాళ్ళు గగ్గోలు పెట్టడంతో ఫ్రాన్స్ 1686లో చీటిగుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండ్ 1701లో కొంత, 1721లో మరింత గట్టిగా నిషేధం పెట్టింది. డచ్చివారు మాత్రం ఎన్నడూ నిషేధించలేదు. కంపెనీ లాభాల్లో వాటాలున్న నగర పెద్దలే అక్కడ పాలకులు. కాబట్టి కోరమాండల్ పూలు ఆ దేశంలో పైనుంచి కిందిదాకా, పడకగది తెరల నుంచి పసిపిల్లల టోపీల దాకా పాకాయి. 1678కల్లా అమెర్స్‌ఫోర్ట్‌లో వాటిని అనుకరించే అద్దకం పనీ మొదలైంది.

ఫ్రీస్‌లాండ్ తీరంలోని హిండెలోపెన్ అనే చిన్న ఊరిది మరీ విచిత్రమైన కథ. అక్కడి ఓడ సరంగులు ఇండియాకు వచ్చినవాళ్ళు కారు. నార్వే, బాల్టిక్ దేశాల కలపను ఆమ్‌స్టర్‌డాంకు చేరవేసేవాళ్ళు. చేతినిండా డబ్బు, ఎదురుగా కంపెనీ సరుకు. వాళ్ళు ఇంటికి తెచ్చిన చీటిగుడ్డలతో ఆ ఊరి ఆడవాళ్ళు ‘వెంట్కె’ కుట్టుకున్నారు. నేలదాకా జారే, ముందువైపు తెరుచుకునే పొడవాటి పైవస్త్రం అది. పండగకు ఎర్రపూలు, మైలకు తెల్లనేల మీద నీలిపూలు. బందరు వైపు నీలిమందు తొట్టిలో మునిగి లేచిన గుడ్డ ఫ్రీస్‌లాండ్ తీరాన ఒక విధవ దుఃఖానికి గుర్తయింది.

నగరాల్లో ఫ్యాషన్ మారిపోయింది. 1799లో కంపెనీ దివాళా తీసి మూతపడింది. యంత్రాల మీద అద్దిన చవక గుడ్డ వచ్చిపడింది. 1825లో డచ్చివారు ఈ తీరాన్ని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిపోయారు. ఆ పూలను నిలిపినవాళ్ళు పల్లెటూరివాళ్ళే. అమ్మమ్మ వెంట్కె చిరిగితే మంచి ముక్క కత్తిరించి మనవరాలి రవికెకు అతికారు. అణా వెడల్పు పేలికను కూడా పారెయ్యలేదు.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో దేశమంతటికీ ఆ పల్లెల మీద ప్రేమ పుట్టింది. 1877లో లీవార్డెన్‌లో జరిగిన ప్రదర్శనలో హిండెలోపెన్ గదిని, దుస్తులు తొడిగిన బొమ్మలతో సహా, ఉన్నదున్నట్టు అమర్చారు. మరుసటి ఏడు అది పారిస్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళింది. 1898లో విల్‌హెల్మినా రాణి పట్టాభిషేక సందర్భంగా ఆమ్‌స్టర్‌డాంలో జాతీయ దుస్తుల ప్రదర్శన పెట్టారు. ఇలా ఒక మూల ఊరి వేషం జాతి వేషమైంది. దాన్ని కల్పన అని కొట్టిపారెయ్యడం అన్యాయం. రెండు శతాబ్దాలు తొడిగి, అతికి, ఏడ్చినప్పుడూ నవ్వినప్పుడూ కట్టుకున్న బట్ట కట్టుకున్నవాళ్ళదే అవుతుంది.

అయితే గీసినవాళ్ళదీ కావాలి. కంపెనీ దస్త్రాలు బేళ్ళ లెక్కను, ధరను, ఓడ పేరును భద్రంగా దాచాయి. కలం పట్టినవాళ్ళ పేర్లు వాటిలో దొరకడం అరుదు. ఇదే కంపెనీ పదిహేడో శతాబ్దపు కరువుల్లో ఈ తీరం నుంచి వేలాది మందిని బానిసలుగా కొని బటావియాకు (నేటి జకార్తాకు) తరలించింది. ఆ పూల పక్కన ఈ సంగతి కూడా చెప్పాలి.

నేడు పెడన, బందరు పరిసరాల్లో కలంకారీ అంటే ఎక్కువగా చెక్క అచ్చులతో అద్దేదే. ఆనాటి కలం పని బట్టల్లో మన దగ్గర మిగిలినవి తక్కువ. వాడకంలో చిరిగినవి కొన్ని, తేమకు, పురుగుకు పోయినవి కొన్ని. మేలురకం గుడ్డలు లీవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలోను, ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియంలోను ఉన్నాయి. 2017లో ఫ్రీస్ మ్యూజియం తన చీటిగుడ్డలతో పెద్ద ప్రదర్శన జరిపింది. వెలుతురు తగిలితే రంగు పోతుంది కనుక ఇలాంటి గుడ్డల్ని ఎక్కువ కాలం బయట పెట్టరు. కొన్ని నెలల తర్వాత అవి మళ్ళీ చీకటి సొరుగుల్లోకి వెళ్ళిపోతాయి.