అసలు ప్రతి ఎక్కడ?

1844 అమెరికా అధ్యక్ష ఎన్నికల వేళ, న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా పట్టణపు పత్రిక ఒకటి రూర్‌బ్యాక్ అనే బారన్ యాత్రాకథనమంటూ ఒక భాగం అచ్చువేసింది. అమ్మకానికి తోలుకెళ్తున్న బానిసల ఒంటిమీద అభ్యర్థి జేమ్స్ పోక్ పేరులోని పొడి అక్షరాలు వాతలుగా కనిపించాయని అందులో ఉంది. ఆ బారన్ లేడు, ఆ పుస్తకమూ లేదు. కానీ బానిసల ప్రయాణపు వర్ణన కల్పన కాదు. ఫెదర్‌స్టన్‌హా అనే రచయిత యాత్రాగ్రంథంలోంచి దాన్ని ఎత్తి, పోక్ ప్రస్తావనను మధ్యలో అతికించారు. అసలు పుస్తకంతో పోల్చి చూడగానే అతుకు బయటపడింది. పోక్ గెలిచాడు.

నాయకులమీద పుట్టే బూటకాల్లో జనం ఎక్కువగా నమ్మేవి ఇలాంటివే. పూర్తి కల్పన కంటే, చోటో కాలమో నోరో మార్చిన నిజం ముక్కే ఎక్కువ దూరం వెళ్తుంది. అసలు దొరికితే అది తేలిపోతుంది. దొరకనప్పుడే కష్టం. 1924లో బ్రిటన్ ఎన్నికలకు నాలుగు రోజుల ముందు సోవియట్ నాయకుడు జినోవియెవ్ పేరున డైలీ మెయిల్ అచ్చువేసిన లేఖ అలాంటిది. లేబర్ ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టిన ఆ లేఖ మూలప్రతి ఎన్నడూ బయటికి రాలేదు. అది ఫోర్జరీయేనని విదేశాంగ శాఖ చరిత్రకారిణి గిల్ బెనెట్ నివేదిక చెప్పేసరికి 1999 వచ్చింది.

మన దేశంలో ఈ పనికి అందరికంటే ఎక్కువగా గురైంది నెహ్రూ అనుకుంటాను. ఆయన మరణించి దశాబ్దాలైనా ఫోన్లలో ఆయన పేరున మాటలు పుడుతూనే ఉన్నాయి. తన చదువూ సంస్కృతీ పరాయివనీ, హిందువుగా పుట్టడం యాదృచ్ఛికమనీ ఆయనే చెప్పుకున్నాడంటూ తిరిగే వాక్యం హిందూ మహాసభ నాయకుడు ఎన్.బి. ఖరేది. నెహ్రూను విమర్శిస్తూ ఆయన రాసిన వ్యాసం 1959లో రఫీక్ జకారియా సంపాదకత్వంలో వచ్చిన సంకలనంలో ఉంది. విమర్శకుడి మాట విమర్శకు గురైనవాడి నోట్లోకి చేరింది!

ఫొటోల సంగతీ అంతే. చైనా యుద్ధంలో ఓడినందుకు జనం నెహ్రూను కొట్టారంటూ ఒక చిత్రం తిరుగుతుంది. అది 1962 జనవరిలో పట్నా కాంగ్రెస్ సమావేశంలో అసోసియేటెడ్ ప్రెస్ తీసినది. అదుపు తప్పిన జనంలోకి దూకబోతున్న ప్రధానిని భద్రతా ఉద్యోగి పట్టి ఆపుతున్నాడు. యుద్ధం మొదలైంది అదే ఏడాది అక్టోబరులో. ఒక్క తేదీ చాలు, కథ మొత్తం కూలిపోవడానికి. ఫొటో ఇచ్చి దాని పాత ఆచూకీ వెతికే సదుపాయం టిన్‌ఐ 2008లో, గూగుల్ 2011లో తెచ్చాయి. అంతకుముందు పాత పత్రికల కట్టలు విప్పాల్సిన పని ఇప్పుడు సామాన్య పాఠకుడి చేతిలోకొచ్చింది.

తెలుగు నేలమీద జరిగినదొకటి చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా, తాము అధికారంలోకి వస్తే ముస్లిం రిజర్వేషన్లను తొలగిస్తామన్నారు. ఏడాది తర్వాత, లోక్‌సభ ఎన్నికల నడుమ, ఆ వీడియోను కత్తిరించి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లనే తీసేస్తామన్నట్టు మార్చి వదిలారు. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. షా అసలు అన్న మాటను సమర్థించేవాళ్లున్నారు, తప్పుపట్టేవాళ్లున్నారు. ఆ వాదన జరగాల్సిందే. కానీ పిల్లల చదువూ ఉద్యోగమూ రిజర్వేషన్‌తో ముడిపడిన కుటుంబాలను ఆయన అనని మాటతో భయపెట్టడం నాకు క్షమించరానిదిగా తోస్తుంది. పూర్తి ప్రసంగం ఆన్‌లైన్‌లోనే ఉంది. సభ పేరు, ఊరు, నెల వేసి వెతికితే దొరికేది.

యంత్రం పుట్టించిన గొంతు, బొమ్మలతో చిక్కు వేరు. 2020 ఢిల్లీ ఎన్నికల్లో బీజేపీ నాయకుడు మనోజ్ తివారీ మాట్లాడిన వీడియోను ఆయన పార్టీయే యంత్రంతో హర్యాన్వీలోకి మార్పించింది, కాబట్టి అక్కడ పోల్చడానికి అసలు ఉంది. మొదటినుంచీ కల్పించిన ఆడియోకు అదీ ఉండదు. ఊపిరి విరామాలు, నేపథ్య శబ్దం, వీడియో ఉంటే పెదవుల కదలిక పరీక్షించాలి. ఆ నాయకుడు ఆ రోజు ఎక్కడున్నాడో, మొదట ఎవరు పెట్టారో ఆరా తీయాలి. 2024లో మిస్‌ఇన్ఫర్మేషన్ కంబాట్ అలయన్స్ ఇందుకోసం ఒక విభాగం పెట్టి, అనుమానం కలిగిన ఆడియో, వీడియోలను వాట్సాప్‌లో పంపే ఏర్పాటు చేసింది. ఆ సేవను తెలుగులోనూ మొదలుపెట్టింది. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ కూడా తన పరిశీలనలను తెలుగులో ప్రచురిస్తోంది.